మనుషులతో పొసగాలంటే: కార్నెగీ సలహాల్లో ఇప్పటికీ పనికొచ్చేవి

అమెరికన్ రచయిత డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో, నలుగురిలో మాట్లాడటం ఎలాగో నేర్పే సాయంత్రం క్లాసులు మొదలుపెట్టాడు. స్నేహితుల్ని సంపాదించుకోవడం గురించి ఆయన రాసిన పుస్తకం 1936లో వచ్చింది. చదివినవాళ్లలో చాలామంది "ఇవన్నీ తెలిసినవేగా" అంటారు. తెలిసినవే, కానీ కోపం నషాళానికి అంటినప్పుడు ఎవరికి గుర్తుంటాయి? అందుకే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకుండా ఒక్కోటీ అలవాటు చేసుకోండి.

ముందుగా, ఎదుటివాళ్లని తప్పుపట్టడం తగ్గించండి. నా లెక్కలో సగం గొడవలు దీంతోనే పోతాయి. కార్నెగీ ఇక్కడ అమెరికా అధ్యక్షుడు లింకన్ సంగతి చెప్తాడు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం గెలిచాక లింకన్ వైపు జనరల్ మీడ్ వెంటపడి పట్టుకోకపోవడంతో శత్రు సేనాని లీ తన సైన్యంతో పొటోమాక్ నది దాటి తప్పించుకున్నాడు. లింకన్ మండిపడి మీడ్‌కి ఘాటుగా ఉత్తరం రాశాడు, కానీ పంపలేదు. ఆయన పోయాక అది ఆయన కాగితాల్లో దొరికింది.

మీరూ అదే చేయండి. కోపంగా ఉన్నప్పుడు వాట్సాప్‌లో టైప్ చేయొద్దు, వేలు జారితే వెళ్లిపోతుంది. ఫోన్‌లో నోట్స్ తెరిచి కడుపులో ఉన్నదంతా అక్కడ కక్కేయండి. భోజనం చేసి వచ్చి మళ్లీ చదివి, మనిషి గురించి రాసినవన్నీ తీసేసి పని గురించి రాసినవే ఉంచండి. "ఇంత చిన్న విషయం కూడా చూసుకోవా?" పోయి, "మూడో పేజీలో మొత్తం సరిపోవట్లేదు, నాలుగింటిలోపు ఒకసారి చూస్తావా?" మిగులుతుంది. పని జరుగుతుంది, రేపు ఆ మనిషి మొహం చూడటానికి ఇబ్బందీ ఉండదు.

తర్వాత, వినడం. మావయ్యని మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతాం, ఆయన రెండు మాటలు చెప్పేలోపే "మా నాన్నకీ అంతే అండీ" అని మన కథ ఎత్తుకుంటాం. సానుభూతితోనే అంటాం, అయినా ఆయన మాట అక్కడే ఆగిపోతుంది. దీనికి ఒక చిన్న పద్ధతి ఉంది: రెండో ప్రశ్న ఆయన చెప్పిన జవాబులోంచే రావాలి. మెట్లు ఎక్కలేకపోతున్నానన్నారంటే, "మరి పైగదిలో పడుకోవట్లేదా మావయ్యా?" అని అడగండి. ఇక ఆయనే చెప్పుకుపోతారు.

మెచ్చుకునేటప్పుడు ఏది నచ్చిందో చెప్పండి. "వంట బాగుందండీ" అని అందరూ అంటారు. చారులో ఇంగువ సరిగ్గా కుదిరిందంటే మీరు నిజంగా రుచి చూశారని తెలుస్తుంది. నచ్చకపోతే ఊరుకోండి, దొంగ పొగడ్త ఇట్టే దొరికిపోతుంది, కార్నెగీ కూడా ముఖస్తుతి వద్దనే అన్నాడు. పేర్లు గుర్తుపెట్టుకోవడం, నవ్వుతూ పలకరించడం సరేసరి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరు తెలియకపోతే ఇవాళే అడగండి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. వాదన గెలవాలంటే అసలు వాదనకే దిగొద్దంటాడు. క్రికెట్ గురించో, రాజకీయాల గురించో అయితే సరే. కానీ మీకు రావాల్సిన జీతం ఆపినా, ఎవరైనా మిమ్మల్ని వేధిస్తున్నా సర్దుకుపోకండి. అక్కడ గట్టిగానే మాట్లాడండి, తేదీలతో సహా రాతపూర్వకంగా అడగండి.