ఒక చెరువు, ఒక ఏడాది: ఏం చేయాలో తేలనివాళ్ళకు ఒక పని

డిగ్రీ చేతికొచ్చినా ఎటు వెళ్ళాలో తేలనివాళ్ళకూ, ఉద్యోగం ఉన్నా మనసు అందులో నిలవనివాళ్ళకూ ఇది ఏడాది పని. ఇంటికి దగ్గర్లో ఒక చెరువును ఎంచుకుని, నగరం పెరిగేకొద్దీ అక్కడ ఏ ప్రాణి మిగులుతోందో, ఏది వెళ్ళిపోతోందో వదలకుండా లెక్కపెట్టాలి. హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నవాళ్ళకూ పద్ధతి ఇదే, ఆఫీసుల పేర్లే మారతాయి.

చెరువును ఎంచుకోవడం

ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో చేరగలిగేదై ఉండాలి. అంతకన్నా దూరమైతే మూడో నెలలో మానేస్తారు. పేరున్న చెరువు వద్దు. అమీన్‌పూర్ చెరువుకు 2016లోనే జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది, అక్కడ లెక్కపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ పట్టించుకోని చెరువుకే మీ అవసరం ఎక్కువ. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వెళ్ళి, సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించే నాటికి, ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పక్షులను నమోదు చేసినవాళ్ళ జాబితాలు సిద్ధంగా ఉన్నాయి. మీ కాలనీ వెనక చెరువుకు అలాంటి కాగితం ఒక్కటీ ఉండదు.

కనీసం ఒక వైపైనా మట్టి ఒడ్డు మిగిలి ఉండాలి. చుట్టూ రాతి కట్టడం, రెయిలింగ్, లైట్లు వచ్చేసిన చెరువులో మార్పు చాలావరకు ముందే జరిగిపోయి ఉంటుంది.

పక్షుల కన్నా ముందు పటం

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దొరుకుతుంది. గడియారం గుర్తు నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలు వస్తాయి. చెరువు హద్దును పాలిగాన్‌గా (అంచు చుట్టూ గీతలతో మూసిన ఆకారంగా) గీసి విస్తీర్ణం కొలవండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒక ఏడాది నవంబరు చిత్రాన్ని మరో ఏడాది మే చిత్రంతో పోల్చి, చెరువు సగం కబ్జా అయిందంటారు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గడం చెరువు సహజం. నవంబరును నవంబరుతోనే పోల్చాలి, అది కూడా రెండుమూడేళ్ళవి చూసి. ఒక్క ఏడు వర్షాలు పడకపోయినా లెక్క తప్పుతుంది.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు చూపే మ్యాపు, ఉంటే దించుకోండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. చెరువు నీళ్ళు నిలిచే శిఖం భూముల్లో పట్టాలున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళు సాగు చేసుకోవచ్చు, కట్టడాలు కట్టకూడదు. ఈ తేడా తెలియకుండా ఎవరినీ కబ్జాదారు అనకండి.

సామాను

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దాలది) చాలు, పదివేల లోపు పనికొచ్చేవి దొరుకుతాయి. 10x50 బరువెక్కువ, చెయ్యి వణికిన కొద్దీ బొమ్మా వణుకుతుంది. జూమ్ బైనాక్యులర్ జోలికి పోవద్దు. ఫోన్‌లో ఈబర్డ్ (పక్షుల జాబితాలు నమోదు చేసేది), మెర్లిన్ (కూతను బట్టి, ఫోటోను బట్టి పక్షి పేరు చెప్పేది) యాప్‌లు పెట్టుకోండి. పెన్ను కాదు, పెన్సిల్, మంచు పడ్డా చెరగదు. మూసిన బూట్లు, టోపీ, నీళ్ళు. కెమెరా మొదటి మూడు నెలలు ఇంట్లోనే ఉండనివ్వండి. అది చేతిలో ఉంటే అందమైన పక్షి వెంట పడతారు, కాకిని లెక్కపెట్టడం మరిచిపోతారు.

నోటుబుక్కులో కుడి పేజీ లెక్కలకు. ఎడమ పేజీ మిగతా అన్నింటికీ: తోచిన ప్రశ్నలు, గీసిన బొమ్మలు, మాట్లాడిన మనుషులు, వచ్చిన కోపం. ఎడమ పేజీల అవసరం ఆరు నెలలకు గాని తెలియదు.

లెక్కపెట్టడం

పదిహేను రోజులకోసారి, తెల్లవారిన రెండు గంటల్లోపు. ఏడాదికి 24 లెక్కలు. ప్రతిసారీ అదే దారి, అవే ఆరు మజిలీలు, మజిలీకి పది నిమిషాలు. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడితే ఎండ వీపున పడుతుంది. పడమటి ఒడ్డు నుంచి చూస్తే పక్షులన్నీ నల్లటి నీడలే, బాతేదో నీటికాకేదో తేలదు.

కనిపించిన, వినిపించిన ప్రతిదాన్నీ రాయాలి, పావురాలతో సహా. ఈబర్డ్‌లో జాబితా పంపేటప్పుడు గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది. అవునని చెప్పగలిగిన జాబితాలకే విలువ. సంఖ్య బదులు ఎక్స్ గుర్తు పెట్టకండి, ఉరామరిగానైనా అంకె వేయండి. పెద్ద గుంపు అయితే పదింటిని లెక్కపెట్టి, ఆ పది పట్టిన జాగాను కళ్ళతో కొలతగా తీసుకుని గుంపు మీద జరుపుకుంటూ పోండి. కొత్తలో అందరూ తక్కువగానే అంచనా వేస్తారు. ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఇంటికెళ్ళి చుక్కలు పెట్టి లెక్కపెడితే, ఎంత తప్పుతున్నారో నాలుగు వారాల్లో తెలుస్తుంది. పైకి లేచి చక్కర్లు కొట్టిన గుంపును రెండుసార్లు లెక్కపెట్టకండి, దిగాకే రాయండి.

తెల్లకొంగలన్నీ ఒకటి కావు. చిన్న తెల్లకొంగ ముక్కూ కాళ్ళూ నలుపు, పాదాలు మాత్రం పసుపు. పశువుల వెంట తిరిగేదానికి ముక్కు పసుపు, మెడ పొట్టి. తేలకపోతే ‘తెల్లకొంగ జాతి’ అని రాసి వదిలేయండి. మెర్లిన్ చెప్పింది వేదం కాదు, అది విన్న గొంతును కంటితో చూశాకే నమోదు చేయండి. కూతల రికార్డింగు వినిపించి పక్షిని బయటికి రప్పించడం, గూటి దగ్గర తచ్చాడటం వద్దు. వెళ్ళలేకపోయిన విడత ఖాళీగానే ఉండాలి, జ్ఞాపకం నుంచి నింపకూడదు.

నీటి అంచు గడ్డిలో అడుగు పెట్టే ముందు కర్రతో తట్టండి. నీరుకట్టె పాము విషం లేనిదే, రక్తపింజర అలా కాదు. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం ఏవీ వద్దు. కాలు కదపకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి. ఒంటరిగా వెళ్ళకండి, అందుకు పాములకన్నా వీధికుక్కలే పెద్ద కారణం.

జాబితా ఏం చెబుతోంది

మొత్తం పక్షుల సంఖ్య పెరిగిందని సంబరపడొద్దు. చెత్త, ఎంగిలి పెరిగితే కాకులు, గద్దలు, పావురాలు పెరుగుతాయి. చూడాల్సింది ఏ రకం బతుకు మాయమవుతోందన్నది.

ఉల్లంకి పిట్టలకు వేళ్ళ లోతు నీళ్ళు, బురద కావాలి. సుందరీకరణ పేరుతో వాలు ఒడ్డును తవ్వి, నిటారుగా రాయి పేర్చగానే ముందు పోయేవి అవే. నీళ్ళు నిండుగా కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చెరువంతా గిన్నెలా లోతైతే నీటికాకులకూ, బుడుబుంగలకూ ఇబ్బంది లేదు, ఒడ్డున నడిచి తినేవాటికి చోటుండదు.

తీతువు గులకరాళ్ళ నేల మీదే గుడ్లు పెడుతుంది. ఖాళీ జాగా వాకింగ్ ట్రాక్ అయిందంటే మనుషులూ కుక్కలూ ఆ గూళ్ళను దక్కనివ్వరు. చెరువు కింది ఈతవనం పోతే గిజిగాడు పోతుంది. తాటి, ఈత, తుమ్మల్లో వానాకాలం వేలాడే గూళ్ళను ఏటా లెక్కపెట్టండి, ఇంత తేలికైన కొలత ఇంకొకటి లేదు. గుండురాళ్ళను పేల్చేస్తే వాటి సందుల్లో ఉండే గుడ్లగూబ, ఉడుము, ముంగిస తరలిపోతాయి. తొర్రలున్న ముసలి చెట్లు నరికి కొత్త మొక్కలు నాటితే చెట్ల లెక్క సరిపోతుంది, రామచిలుకకూ, పైడికంటె అనే చిన్న గుడ్లగూబకూ ఇల్లు మాత్రం దొరకదు.

మురుగు కలిస్తే గుర్రపుడెక్క, జమ్ము కమ్ముకుంటాయి. ఊదారంగు నీటికోళ్ళు పెరిగి, తెరిపి నీళ్ళు కావలసిన వలస బాతులు తగ్గుతాయి. ఈ రెండు వరుసలూ మీ కుడి పేజీల్లో ఎదురెదురుగా నడుస్తుంటే మురుగు కాలువ ఎక్కడ కలుస్తోందో వెతకండి. ఏప్రిల్, మేలలో చేపలు తేలితే తేదీ, వేళ రాసి ఫోటో తీయండి.

వలస పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా. తొలకరికి కప్పల అరుపులు రెండు నిమిషాలు రికార్డు చేయండి. జనవరిలో సంక్రాంతి మాంజా చెట్లకు చిక్కి ఉంటుంది. నైలాన్ మాంజాను హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఏటా పక్షులు తెగిపడుతూనే ఉన్నాయి. గాయపడ్డదాన్ని చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి, పక్షులకు వైద్యం చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపించేవాడికి డబ్బులివ్వకండి, అది వచ్చే ఏడు వల వేయడానికి పెట్టుబడి.

కాగితం పెట్టడం

‘మా చెరువును కాపాడండి’ అనే అర్జీకి జవాబు రాదు. ఒక పేజీ, ఒక చోటు, ఒక కోరిక ఉండాలి. ‘ఈశాన్యం వైపు 200 మీటర్ల మట్టి ఒడ్డుకు రాతి కట్టడం వద్దు, గత నవంబరు నుంచి మార్చి దాకా వలస ఉల్లంకులు మేసింది అక్కడే, లెక్కలు జతచేశాం’ అంటే అధికారి ఫైలులో ఏదో ఒకటి రాయక తప్పదు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, ముప్పై రోజుల గడువు. ఎందుకు చేశారని అడగొద్దు, కాగితాల నకళ్ళు అడగండి: పనుల అంచనా, ఒప్పందం, మ్యాపు. ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం, దాని కింది నియమాలు చెబుతున్నాయి. మీ జాబితా అందులోకి ఎక్కించమనండి. పక్కన 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణం వస్తుంటే దానికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతుల కోసం కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో పత్రాలు వెతికి, అందులోని జంతువుల జాబితాను మీ జాబితాతో పోల్చండి.

ఆరో నెలలో ఎడమ పేజీలు

ఇప్పుడు కుడి పేజీలు మూసి ఎడమవే వరసగా చదవండి. ఎవరూ చెప్పకుండా ఏం ఎక్కువ రాశారు?

ఈ పక్షి ఇక్కడే ఎందుకు, ఆ నెలలోనే ఎందుకు అనే ప్రశ్నలు నిండి ఉంటే పరిశోధన వైపు చూడండి. దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. మ్యాపులు, కొలతలు నిండి ఉంటే మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోండి, అది ఉచితం. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు ఈ రంగంలో ఇదే దగ్గరి తలుపు. ఆఫీసుల పేర్లు, ఫైళ్ళ నంబర్లు, కోపం ఉంటే న్యాయం లేదా పట్టణ ప్రణాళిక. పిల్లల ప్రశ్నలు ఉంటే బడి. అడవిలో పని చేయాలనిపిస్తే యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసు ఉంది, దానికి ఇంజినీరింగ్, వ్యవసాయం, పశువైద్యంతో పాటు గణితం, భౌతిక, వృక్ష, జంతుశాస్త్రాల్లాంటి డిగ్రీలు పనికొస్తాయి. ఇంటర్ పిల్లలకైతే సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది. పాములు పట్టాలనిపిస్తే వీడియోలు చూసి మొదలుపెట్టకండి, శిక్షణ, అటవీశాఖ అనుమతి రెండూ కావాలి.

ఎడమ పేజీలు ఖాళీగా ఉంటే అదీ జవాబే. ఇది మీకు ఉద్యోగం కాదు, ఆదివారం పొద్దున పని. అలా పదేళ్ళు నడిపినవాళ్ళ లెక్కలకు విలువ తగ్గదు.

ఊరు మారాల్సి వస్తే వెళ్ళే ముందు ఆ వాడలో ఒక్కరిని వెంటబెట్టుకుని మూడుసార్లు చుట్టూ తిప్పండి. ఆరు మజిలీలు చూపించి, మూడోసారి లెక్క వాళ్ళ చేతే పెట్టించండి. కుడి పేజీలు వాళ్ళకిచ్చేయండి, ఎడమవి మీ దగ్గర ఉంచుకోండి.