బ్రిటన్‌లో మజిల్‌లోడర్ పోటీలకు దరఖాస్తు: తుపాకి అనుమతి వచ్చినా మందు అనుమతి వేరే

మూతి నుంచి తుపాకి మందు (బ్లాక్ పౌడర్) పోసి, గుండు దూర్చి, చువ్వతో కూరి పేల్చే తుపాకి మజిల్‌లోడర్. మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకి, బర్మారు అనేవి ఈ జాతివే. బ్రిటన్‌లో వీటితో పోటీలు నడిపే జాతీయ సంఘం మజిల్ లోడర్స్ అసోసియేషన్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్. సర్రేలోని బిస్లీ పెద్ద పోటీలకు పేరున్న చోటు. ఇక్కడ రాసింది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో ఉంటున్నవారి కోసం. ఉత్తర ఐర్లాండ్ చట్టం వేరు.

ముందు క్లబ్. హోం ఆఫీస్ (స్కాట్లాండ్‌లో అయితే స్కాటిష్ ప్రభుత్వం) ఆమోదం ఉన్న క్లబ్‌లో కనీసం 3 నెలలు ప్రొబేషన్ సభ్యులుగా ఉండాలి. క్లబ్‌కు ఆమోదం ఉందంటే సరిపోదు, ఏ రకం తుపాకులకు ఉందో అడిగి తెలుసుకోండి. ఈ కాలమంతా క్లబ్ తుపాకితో, క్లబ్ మందుతో సాధన చేయొచ్చు. సొంత తుపాకి కొనడానికి తొందరపడకండి.

తర్వాత ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్, అంటే ఎఫ్ఏసీ. మీ ప్రాంత పోలీసులకు ఫారం 201 ఇవ్వాలి. రుసుము 2025 ఫిబ్రవరి నుంచి 198 పౌండ్లు, గడువు 5 ఏళ్లు. మిమ్మల్ని కనీసం రెండేళ్లుగా ఎరిగిన ఇద్దరు రిఫరీలు, అంటే మీ గురించి పోలీసులకు చెప్పేవారు, కావాలి. బంధువులు పనికిరారు. మీ జీపీ (మీరు నమోదైన డాక్టర్) నుంచి వైద్య సమాచారం పోలీసులకు అందాలి. ఈ మధ్యే వచ్చినవారిని ఇండియా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగవచ్చు కాబట్టి దాని పని ముందే మొదలుపెట్టుకోవడం మంచిది. గతంలో డిప్రెషన్‌కు మందులు వాడి ఉంటే రాయడానికి జంకకండి. వాడినంత మాత్రాన దరఖాస్తు తిరస్కరించరు. తెలిసి దాచడం మాత్రం నేరం, జీపీ రికార్డులో అది ఎలాగూ బయటపడుతుంది. ఈ పని చేయించి పెడతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఫారం మీరే నింపాలి, ఇంటికొచ్చి మాట్లాడే అధికారి మీతోనే మాట్లాడతారు.

కొనేటప్పుడు వినిపించే మాట ఒకటుంది: "ఇది యాంటిక్, లైసెన్స్ అక్కర్లేదు." పాతకాలపు అసలు తుపాకిని అలంకారంగా గోడకు తగిలించుకుంటేనే అది నిజం. పేల్చే ఉద్దేశంతో కొంటే ఆ మినహాయింపు పోతుంది, సర్టిఫికెట్ ఉండాల్సిందే. కొత్తగా తయారైన నకలు రైఫిల్‌కైతే మొదటినుంచీ ఎఫ్ఏసీ కావాలి. లోపల గాడులు లేని నున్నటి గొట్టం, ఆ గొట్టం పొడవు 24 అంగుళాలకు తగ్గని మస్కెట్ అయితే షాట్‌గన్ సర్టిఫికెట్ చాలు.

ఇక ఎక్కువమంది ఆగిపోయేది మందు దగ్గర. ఎఫ్ఏసీ చేతికొచ్చింది, రైఫిల్ కొన్నారు, డీలర్ దగ్గరికెళ్లి బ్లాక్ పౌడర్ అడిగారు. ఆయన ఇంకో రెండు కాగితాలు చూపించమంటాడు. ఒకటి పోలీసులిచ్చే ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్. అందులో కొనడానికీ ఇంట్లో ఉంచుకోవడానికీ, రెండింటికీ అనుమతి రాసి ఉండాలి. రెండోది ప్రభుత్వ భద్రతా సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ ఇచ్చే ఆర్‌సీఏ పత్రం, అంటే మందు మీ చేతికి రావడానికి అనుమతి. పోలీసుల కాగితం వచ్చినంత మాత్రాన ఇది దానంతటది రాదు, విడిగా అడగాలి. ఎఫ్ఏసీ ఫారంతో పాటే ఎక్స్‌ప్లోజివ్స్ దరఖాస్తు కూడా ఇచ్చేయండి. అధికారి ఒకేసారి వచ్చి రెండూ చూసుకునే వీలుంటుంది.

ఎంత మందు అని రాయాల్సిన చోట ఊహించి రాయకండి, లెక్క వేయండి. షాట్‌కు 60 గ్రెయిన్లు (సుమారు 4 గ్రాములు) అనుకుంటే కిలో మందు సుమారు 250 షాట్లకు వస్తుంది. 13 షాట్ల పోటీకి 50 గ్రాములు. ఇలా లెక్క చూపిస్తే అధికారికి మీరు ఏం చేయబోతున్నారో అర్థమవుతుంది. ఇంట్లో దాచడానికి మందపాటి ప్లైవుడ్‌తో అరలు అరలుగా చేసిన పెట్టె కావాలి. ఒక్కో అరలో ఒక్క డబ్బా, పైన ఖాళీ ఉండాలి. ఒక డబ్బా అంటుకున్నా పక్కదానికి పాకకుండా ఉండేందుకే ఆ అరలు. ఇనుప బీరువాలో పెడతామంటే ఒప్పుకోరు: గట్టిగా మూసిన ఇనుములో మందు అంటుకుంటే బాంబుతో సమానం. తనిఖీకి వచ్చేసరికి పెట్టె సిద్ధంగా ఉంచండి.

"పైరోడెక్స్ కొనుక్కోండి, ఈ కాగితాల గొడవుండదు" అనే సలహా కూడా వింటారు. పైరోడెక్స్ అంటే బ్లాక్ పౌడర్‌కు బదులుగా వాడే మందు. సాధనకు సరే. అంతర్జాతీయ సంఘమైన ఎమ్ఎల్ఏఐసీ నిబంధనల ప్రకారం నడిచే పోటీల్లో మాత్రం అసలు బ్లాక్ పౌడరే వాడాలి. మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు మజిల్‌లోడర్‌లో చిటికెడు కూడా పోయకూడదు, గొట్టం పగిలిపోతుంది.

పోటీ ఎంట్రీ తేలికే. మిలిటరీ రైఫిల్‌తో 100 మీటర్లు పడుకుని కొట్టేది మినియే, 50 మీటర్లు నిలబడి కొట్టేది లామార్మోరా. 30 నిమిషాల్లో 13 షాట్లు, మెరుగైన 10 లెక్కలోకి వస్తాయి. ప్రపంచ పోటీలకు ఎవరికి వారు పేరివ్వడం కుదరదు, జాతీయ సంఘం ద్వారానే వెళ్లాలి.

రేంజ్‌కి మందు ముందే తూచి, షాట్‌కొకటి చొప్పున చిన్న గొట్టాల్లో నింపి తెచ్చుకోవాలి. డబ్బా నుంచి నేరుగా తుపాకిలో పోయనివ్వరు, ముందు షాట్ నిప్పురవ్వ లోపల ఉంటే డబ్బా అంతా చేతిలోనే అంటుకుంటుంది. గుండు మందుకు ఆనిందో లేదో తెలియడానికి చువ్వ మీద ఒక గీత గీసుకోండి. ఆ గీత మూతికి పైన కనిపిస్తే గుండు మధ్యలో ఆగినట్టు. అలా పేలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది.

ఎఫ్ఏసీ, ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్, ఆర్‌సీఏ పత్రం: మూడింటి మీదా గడువు తేదీ చూసి ఒకేచోట రాసుకోండి. ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ గడువు దాటాక పెట్టెలో మిగిలిన అరడబ్బా మందు కూడా అనుమతి లేని పేలుడు పదార్థమే అవుతుంది.