తెలుగు టెక్స్ట్‌కి టోకెన్లు పేలిపోతున్నాయా? కుదించే ముందు ఇది చూడండి

"టోకెన్లు బాగ అయితున్నయి, ఏదన్నా మంచి కంప్రెషన్ లైబ్రరీ ఉంటే చెప్పరాదన్నా." నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు పిల్లలు నన్ను తరచూ అడిగేది ఇదే. ధాన్యం కొనుగోలు ఎంట్రీలు, గ్రామసభ తీర్మానాలు, పహాణీ నకళ్లు ఇట్లాంటివి ఏజెంట్‌తో, అంటే టూల్స్ వాడి పనిచేసే ఏఐ ప్రోగ్రామ్‌తో, చదివిస్తుంటారు. మోడల్ టెక్స్ట్‌ని టోకెన్లనే ముక్కలుగా చదువుతుంది, బిల్లు వాటి లెక్కనే పడుతుంది. అందుకే టెక్స్ట్‌ని కుదించే లైబ్రరీ కోసం వెతుకుతారు. లైబ్రరీ సంగతి తర్వాత. మోడల్‌కి చివరికి చేరుతున్న టెక్స్ట్‌ని ఒక్కసారైనా ప్రింట్ చేసి చూశారా? చాలామంది చూడరు. టోకెన్లు లెక్కపెట్టడం, మెసేజ్‌లు పంపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

సమస్య: టెక్స్ట్ ఒక పేజీ, టోకెన్లు మాత్రం పుస్తకమంత

అదే తీర్మానాన్ని చాట్‌లో అతికిస్తే లెక్క మామూలుగా ఉంటుంది. ఏజెంట్ తన టూల్‌తో డేటాబేస్ నుంచి తెచ్చుకుంటే మాత్రం కొన్ని రెట్లు అవుతుంది. ఈ తేడా కనబడితే ఇక కంప్రెషన్ గురించి ఆలోచించకండి. దొంగ జేసన్‌లో (ప్రోగ్రామ్‌లు డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఉన్నాడు.

పైథాన్‌లో డేటాని జేసన్‌గా మార్చే జేసన్ డంప్స్ (json.dumps) ఫంక్షన్‌కి 'ఎన్‌ష్యూర్ ఆస్కీ' (ensure_ascii) అనే సెట్టింగ్ ఉంది. మీరు ముట్టుకోకపోతే అది ట్రూగానే ఉంటుంది. అప్పుడు ఒక్కో తెలుగు గుర్తు స్థానంలో బ్యాక్‌స్లాష్, యు, నాలుగు అంకెల కోడ్ వచ్చి కూర్చుంటాయి. 'నల్గొండ' అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఏడు గుర్తులు: న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్నా, డ. ఇట్లా కోడ్‌గా మారడాన్నే ఎస్కేప్ అంటారు. ఎస్కేప్ అయ్యాక అవి 42 ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు. టెక్స్ట్‌ని టోకెన్లుగా కోసే టోకెనైజర్‌కి ఇక అందులో తెలుగు కనిపించదు. ఆ కోడ్‌ని ముక్కలుముక్కలు చేసి ప్రతి ముక్కకీ బిల్లు వేస్తుంది. పీహెచ్‌పీలో జేసన్ ఎన్‌కోడ్‌కీ ఇదే జబ్బు ఉంది. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగిఫై ఈ పని చేయదు, అందుకే నోడ్ వాళ్లకు, అంటే సర్వర్ మీద జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకు, చెబితే నమ్మరు.

ఇది ఎందుకు దొరకదంటే, మీరు చూసే లాగ్ వ్యూయర్ జేసన్‌ని విప్పి చక్కగా తెలుగులో చూపిస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మొత్తం రిక్వెస్ట్‌ని మీ ఎస్‌డీకే (మోడల్‌కి రిక్వెస్ట్‌లు పంపే లైబ్రరీ) ఎస్కేప్ చేసి పంపినా నష్టం లేదు, అవతల సర్వర్ దాన్ని విప్పాకే మోడల్‌కి ఇస్తుంది. టూల్ ఫలితాన్ని మీరే ముందుగా స్ట్రింగ్‌గా మార్చి మెసేజ్‌లో పెట్టినప్పుడే చిక్కు. ఆ లోపలి పొరను ఎవరూ విప్పరు. రిక్వెస్ట్‌లో యు ముందు బ్యాక్‌స్లాష్ ఒకటే ఉంటే భయం లేదు. రెండు ఉంటే డబ్బులు పోతున్నట్టే.

పరిష్కారం: ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేయండి. పీహెచ్‌పీ అయితే అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఫ్లాగ్ ఇవ్వండి. తర్వాత మళ్లీ టోకెన్లు లెక్కపెట్టండి. మీరు రాసిన టూల్ ఒక్కటే చూస్తే సరిపోదు. పాత మెసేజ్‌లు దాచే చోట, వెక్టర్ డేటాబేస్‌లోకి (అర్థాన్ని బట్టి వెతికే డేటాబేస్) టెక్స్ట్ ముక్కలు ఎక్కించే చోట కూడా ఇదే ఫంక్షన్ ఉంటుంది. అక్కడ ఎస్కేప్ అయిన టెక్స్ట్ అట్లాగే నిలవ ఉండి, కోడ్ బాగుచేశాక కూడా బయటికొస్తుంటుంది. ఆ డేటాని మళ్లీ ఎక్కించక తప్పదు.

దీన్ని సరిచేయకుండా పైనుంచి కంప్రెషన్ పెట్టారంటే ఇంకా ఘోరం. టోకెన్లు ఏరి తీసేసే పద్ధతుల్లో ఆ కోడ్‌లోంచి ఒక్క అంకె ఎగిరినా అక్షరమే మారిపోతుంది. 'ఇదేం మోడల్, తెలుగే రాదు' అని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఎస్కేప్ గొడవ లేకపోయినా లెక్క ఎక్కువే అనిపిస్తే మోడల్ పాతదేమో చూడండి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపిన తెలుగు ఉదాహరణకు 159 టోకెన్లు 45కి తగ్గాయి. అంత ఆదా కంప్రెషన్ లైబ్రరీతో అర్థం చెడకుండా రావడం కష్టం.

సమస్య: టోకెన్లు తగ్గాయి, బిల్లు తగ్గలేదు

ప్రాంప్ట్ క్యాష్ తెగిపోతోంది. అంటే ఒకసారి చదివిన టెక్స్ట్‌ని దాచుకుని, మళ్లీ వస్తే తక్కువ ధరకు వాడుకునే ఏర్పాటు. క్యాష్ పనిచేయాలంటే ప్రాంప్ట్ మొదటి భాగం అక్షరం మారకుండా ఉండాలి. మీరేమో ప్రతి టర్న్‌కీ (ఒక ప్రశ్న, ఒక జవాబు) పాత సంభాషణను కొత్తగా కుదించి పెడుతున్నారు. లేదంటే సిస్టమ్ ప్రాంప్ట్ నెత్తిన ఇప్పటి టైమ్ రాస్తున్నారు. ఆంత్రోపిక్ వాళ్ల మోడల్ క్లాడ్‌లో క్యాష్ నుంచి చదివిన టోకెన్‌కి మామూలు ఇన్‌పుట్ ధరలో పదో వంతే. దాన్ని వదులుకుని టెక్స్ట్‌ని సగానికి కుదించినా నష్టమే. మారనివి పైన, మారేవి కింద పెట్టండి. కుదించడం ప్రతిసారీ వద్దు, సంభాషణ ఒక హద్దు దాటినప్పుడు ఒక్కసారి చాలు. కుదించే మోడల్‌కీ బిల్లు వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

సమస్య: కుదించాక జవాబు తప్పు వస్తోంది

మన భూమి రికార్డులతో ఇది ఎక్కువ. సర్వే నంబర్ 214/అ వేరు, 214/ఆ వేరు. కుదింపులో రెండూ ఒకటైతే ఒకరి పొలం ఇంకొకరికి పోతుంది. విస్తీర్ణం 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దానికి 1.30 కలిపితే నాలుగెకరాల పది గుంటలు కావాలి. సారాంశం రాసే మోడల్ దశాంశం అనుకుని 3.50 అంటుంది. తెలుగులో 'కాదు' అన్న అర్థం క్రియ చివరనే ఉంటుంది కాబట్టి 'ఇవ్వలేదు' లాంటి మాట తోక తెగినా కథ తిరగబడుతుంది.

నంబర్లు, పేర్లు, తేదీలు, విస్తీర్ణాలు కోడ్‌తో ముందే విడిగా తీసి పట్టికలో ఉంచండి. కలపడం, తీసేయడం కూడా కోడ్‌తోనే. మిగిలిన వచనాన్ని మాత్రమే కుదించండి. ఇంకా మంచిది, అసలు కుదించకుండా ప్రశ్నకు కావాల్సిన పేరాలే వెతికి పంపడం.

మిగతావి

యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల పీడీఎఫ్ నుంచి తీసిన టెక్స్ట్ పిచ్చి గుర్తులుగా వస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చండి. ప్రతి పేజీలో తిరిగొచ్చే హెడర్లు తీసేయండి. జిప్ చేసి బేస్64లో (ఫైల్‌ని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతి) పంపితే తగ్గుతుందేమో అని అడిగేవాళ్లు ఉన్నారు, తగ్గదు, పెరుగుతుంది. కనబడని జీరో విడ్త్ గుర్తుల వల్ల పెరిగేది కొంచెమే, దాని వెనక పడి సాయంత్రాలు పాడుచేసుకోవద్దు.