నాలుగింటికి తెరిచే తోట

పొద్దున్న ఏడింటికల్లా మా పెరట్లో మందారాలు విచ్చుకుంటాయి. అప్పటికి నా వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉంటాయి. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంటే, ఆ వేడికి ఒక్కొక్క వేలూ మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. పూర్తిగా వదులవడానికి గంట పైనే పడుతుంది. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలి పదకొండేళ్ళయింది. మా అత్తగారు ఆ మాట ఎప్పుడూ పలకలేదు. "కోడలికి కీళ్ళవాతమండీ" అని ఊరందరికీ చెప్పేవారు. అదీ నిజమే.

మాది అంబాజీపేట పక్క పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరి, వెనక ఒక మామిడి, ఒక పనస, ఆ వెనక కాలువ. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది, ఉగాది దాటితే ఉక్కపోత మొదలవుతుంది. మధ్యలో ఫాల్గుణం ఒక్కటే హాయిగా ఉండే నెల. మామిడి పూత పిందె కడుతుంది, పనస మానుకి కాయలు వేలాడతాయి, మల్లె మొగ్గ తొడుగుతుంది. ఆ నెలంతా మంచం మీద పడుకుని గోడ చూస్తూ గడిపిన ఏళ్ళు నాకు మూడు ఉన్నాయి. అందుకే, కీళ్ళు సహకరించకపోయినా తోటపని ఎలా చేసుకోవచ్చో ఇది రాస్తున్నాను.

ఆ మూడేళ్ళూ నేను చేసిన తప్పు ఒకటే. ఒంట్లో బాగున్నప్పుడు ఎలా చేసేదాన్నో అలాగే చెయ్యబోయాను. ఆరింటికి బొరిగె పట్టుకుని గొంతుక్కూర్చోవడం, పాదులు తవ్వడం, తొమ్మిదింటికి లేవలేక మా ఆయన్ని కేకేయడం. మొక్కల పని పొద్దున్నే చెయ్యాలని ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ కీళ్ళు బాగుండి ఉంటాయి.

కాబట్టి ముందు మొక్కల సంగతి వదిలేసి, మీ ఒళ్ళు ఏ వేళకి మీ మాట వింటుందో కనిపెట్టండి. నేను గోడ మీద క్యాలెండరులో రెండు వారాలు చుక్కలు పెట్టాను. బిగుసుకుపోయిన వేళకి నల్ల చుక్క, నీరసానికి నీలం, బాగున్న వేళకి ఎర్ర చుక్క. ఎర్ర చుక్కలన్నీ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్యనే పడ్డాయి. మీకు అది పదకొండింటికి కావచ్చు, రాత్రి భోజనం అయ్యాక కావచ్చు. ఆయాసం ఉన్నవాళ్ళది ఒక వేళ, సుగరు ఉన్నవాళ్ళది ఇంకో వేళ. తోటని ఆ వేళకి అమర్చుకోవాలి.

నా వేళకి పూసేవాటిని వెతికితే అన్నీ మన పెరటి మొక్కలే దొరికాయి. మొదటిది చంద్రకాంత. నాలుగు దాటాక విచ్చుకుంటుంది, పొద్దున్న ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. అచ్చం నాలాగే. నర్సరీకి వెళ్ళక్కర్లేదు, ఏ గోడ పక్కన చూసినా నల్లగా మిరియాల్లాంటి గింజలు రాలి ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం జాగ్రత్త, ఆ గింజలు విషం, నోట్లో పెట్టుకోనివ్వకూడదు. రెండోది రాధామనోహరం. సందెవేళ తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. ఒకసారి పందిరెక్కితే తర్వాత దానికి మన చాకిరీ పెద్దగా అక్కర్లేదు. ఇంక మల్లె, విరజాజి సంగతి మీకు నేను చెప్పాలా! మొగ్గలు కోసేదే సాయంత్రం పూట. నాలుగున్నరకి కోస్తే దీపాలవేళకి విచ్చుకుంటాయి.

మల్లె ఫాల్గుణంలో పూయాలంటే పని పుష్యంలోనే జరగాలి. కొన్నాళ్ళు నీళ్ళు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, గెత్తం (పశువుల ఎరువు) వేసి మళ్ళీ తడి పెట్టాలి. అది నా వేళ్ళ వల్ల అయ్యే పని కాదు. రెండు నెలలకోసారి కొబ్బరి దింపుకి వచ్చే అతనికి ఇంకో రెండొందలు ఎక్కువిచ్చి చేయిస్తాను. నేను కుర్చీలో కూర్చుని చెబుతుంటాను. మొదటిసారి అతను నవ్వాడు. "టీచరుగారండీ, రిటైరైనా బెత్తం వదల్లేదండి" అన్నాడు. ఆయ్, వదలను. బరువు పనికి మనిషిని పెట్టుకోవడం చిన్నతనం అనుకుంటే, ఆ తర్వాత మందులకి అంతకు పదింతలు పోస్తాం.

కడియం యాత్ర సంగతి కూడా చెప్పాలి. అయిదేళ్ళ కిందట ఒక ఫాల్గుణంలో, కాస్త బాగుంది కదా అని రావులపాలెం దగ్గర గౌతమి దాటి కడియపులంక వెళ్ళాం. రోడ్డుకి రెండువైపులా నర్సరీలు. ఆ రంగులు చూస్తే మనిషికి మతి ఉండదు. అయిదు మొక్కలు కొందామని వెళ్ళి ముప్ఫై రెండు ఎక్కించుకొచ్చాను, అందులో పద్దెనిమిది గులాబీలే. కవర్లలో ఎండిపోతాయన్న టెన్షన్‌తో రెండు రోజుల్లో అన్నీ పాతాను. మూడో రోజు మణికట్లు గుమ్మడికాయలయ్యాయి. మూడు వారాలు మంచం. నేను లేచేసరికి గులాబీల్లో నాలుగే మిగిలాయి. ఇప్పుడు నా లెక్క, వెళ్ళినప్పుడల్లా రెండు మొక్కలు. డబ్బు మా ఆయన దగ్గర ఉంటుంది, నా దగ్గర కాదు.

ఇక కూర్చుని పని చేసే ఏర్పాటు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే, అందుకని వివరంగా చెబుతాను. బావికి దింపే సిమెంటు వరలు ఉంటాయి కదా, వాటిలో చిన్నసైజువి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టించాను. ఎత్తు రెండున్నర అడుగులు వచ్చింది. మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మట్టి సరిగ్గా నా మోచేతుల దగ్గరికి వస్తుంది. వంగక్కర్లేదు, గొంతుక్కూర్చోనక్కర్లేదు. అడుగున ఒక అడుగు ఎత్తున కొబ్బరి డొక్కలు పేర్చాలి. మనకి వాటికి కరువు లేదు. పచ్చి డొక్కలు వద్దు, ఎండినవి నాలుగు రోజులు నీళ్ళలో నానేసి, ఆ ఎర్రనీళ్ళు పారబోశాకే వాడాలి. పైన ఒండ్రుమట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, మాగిన గెత్తం ఒక వంతు, గుప్పెడు ఇసుక. ఉత్త ఒండ్రు పోస్తే మా నేలలో అది బంకలా పట్టేసి, ఎండితే రాయవుతుంది. ఏడాదికి డొక్కలు కుళ్ళి మట్టి జానెడు దిగుతుంది, అప్పుడు పైన ఇంకాస్త పోయడమే.

ప్రతి వరలోనూ మధ్యన ఒక మట్టి ముంత మెడదాకా పాతాను. దాన్నిండా నీళ్ళు పోసి మూత పెడితే, ముంత గోడల్లోంచి తడి ఊరి మొక్కల వేళ్ళకి అందుతుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు, రోజూ పైపు లాగే బాధ తప్పింది. రంగు వేసినవీ మెరుపు పూతవీ పనికిరావు, ఉత్త మట్టివే కావాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ కాటన్ దొర కాలవల మీదే ఈ సీమ బతుకుతోంది గానీ, వేసవిలో అవి కట్టేశాక పెరటికి బోరే గతి. ముంత ఉంటే ఆ బోరు నీళ్ళూ తక్కువే పడతాయి.

పనిముట్లు ఎక్కువ వద్దు. బొరిగె, కత్తెర, చిన్న మగ్గు. బొరిగె పిడి సన్నగా ఉంటే వేళ్ళు గట్టిగా బిగించాలి, నొప్పంతా అక్కడే పుడుతుంది. ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్ల స్పాంజి గొట్టం జానెడు కోయించుకుని పిడికి తొడిగాను. లావైంది, చెయ్యి వదులుగా పట్టుకుంటే చాలు. తిప్పే కొళాయి తీసేసి మీట ఉన్నది బిగించుకోండి, మోచేత్తో కూడా తెరవచ్చు. తట్ట మొయ్యాల్సి వస్తే వేళ్ళతో కాకుండా ముంజేతుల మీద పెట్టుకుని, ఒంటికి ఆనించి మొయ్యాలి.

ఎంతసేపు చెయ్యాలి అంటే, నాకు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన లెక్క ఒకటి ఉంది. పని ఆపిన రెండు గంటలకి, మొదలుపెట్టక ముందు కంటే నొప్పి ఎక్కువ ఉంటే, చేసింది ఎక్కువైనట్టు. మర్నాడు తగ్గించాలి. నేను ఇరవై నిమిషాలకి ఫోనులో అలారం పెట్టుకుంటాను. మోగగానే ఆపాలి, "ఈ ఒక్క పాదు" అనకూడదు. ఆ ఒక్క పాదే నన్ను చాలాసార్లు పడేసింది.

కీళ్ళవాతానికి నేను వేసుకునే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే క్యాలెండరులో దానికి వేరే గుర్తు. శనివారం రాత్రి వేసుకుంటాను, ఆదివారమంతా కడుపులో తిప్పుతుంది. ఆదివారం నాకు తోటలో సెలవు. ఇలాంటి మందులు రోగాల్ని ఆపే శక్తిని తగ్గిస్తాయి కాబట్టి మట్టి ముట్టుకుంటే చేతి తొడుగులు తప్పనిసరి. గెత్తం బస్తా విప్పేముందు నీళ్ళు చిలకరించి, మాస్కు కట్టుకోవాలి. తడినేలలో ఉత్తికాళ్ళతో తిరగకూడదు. ముల్లు గీరుకుంటే సబ్బుతో కడగాలి. గీరుకున్న చోట ఎర్రగా వాచినా, జ్వరం తగిలినా సొంత వైద్యం కాకుండా డాక్టరుకి చెప్పాలి. ఎండ కూడా ఈ మందులతో చర్మానికి పడకపోవచ్చు, పొడుగు చేతుల జాకెట్టు నయం.

బాగోని రోజులు ఉంటాయి. ఫాల్గుణంలో కూడా ఉంటాయి. వాటికోసం పడకగది కిటికీ దగ్గర మరువం కుండీ ఒకటి పెట్టుకున్నాను. వేళ్ళు కదలకపోయినా మణికట్టు వెనకభాగంతో రాస్తే చాలు, వాసన గదంతా వస్తుంది. ఒకప్పుడు అరటినారతో బారెడు మాల పావుగంటలో కట్టేదాన్ని. ఇప్పుడు ముడి పడదు. కొన్నాళ్ళు దానికి ఏడ్చాను, దాచడమెందుకు. ఇప్పుడు మొగ్గలు ఇత్తడి పళ్ళెంలో పోసి, తడిగుడ్డ కప్పి తలగడ పక్కన పెట్టుకుంటాను. రాత్రి నొప్పికి మెలకువ వస్తే గది చీకట్లో ఆ వాసన ముందు తెలుస్తుంది, నొప్పి ఆ తర్వాత.

ఉగాదికి వేపపువ్వు కోసం కొమ్మలు వంచొద్దు. రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి. పొద్దున్నకి పచ్చడికి సరిపడా రాలుతుంది. మిగతావాళ్ళు లేచేలోపు నేను అక్కడికి చేరలేను గనక, చీర మూలలు ఎత్తి మూటకట్టే పని మా మనవడిది.

చైత్రం మొదలయ్యాక ఒక్క మార్పు చేసుకోవాలి. నాలుగున్నరకి పడమటెండ మామిడి కొమ్మల కిందనుంచి దూరి సూటిగా మొహం మీద కొడుతుంది. అందుకని కుర్చీ రెండడుగులు జరిపి పనస చాటుకి తిప్పుకుంటాను. ఆ చోట గుర్తుకి ఒక ఇటుక పాతించి పెట్టాను.