మన సర్వర్, అందరి డేటా సెంటర్ – 3వ పాఠం: చోటు కన్నా ముందు కరెంటు లెక్క

డిపార్ట్‌మెంట్ సర్వర్లని యూనివర్సిటీ ఉమ్మడి డేటా సెంటర్‌కి ఎందుకు మార్చాలో, అక్కడ ఎవరి బాధ్యత ఏమిటో గత రెండు పాఠాల్లో చూశాం. సాధారణ ఏర్పాటు ఇది: ర్యాక్ (సర్వర్లని ఒకదానిమీద ఒకటి బిగించే బీరువా లాంటి చట్రం), కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ కనెక్షన్ వాళ్లు చూసుకుంటారు. మెషీన్, దాని వారంటీ, ఆపరేటింగ్ సిస్టమ్, బ్యాకప్ మనం చూసుకోవాలి. ఇవాళ దరఖాస్తు ఫారం నింపుదాం.

‘ఎన్ని యూ కావాలి?’ అన్న ప్రశ్న సులువైనదే. ఒక యూ అంటే 1.75 అంగుళాల ఎత్తు. మామూలు ర్యాక్‌లో 42 యూలు ఉంటాయి. 2 యూ సర్వర్లు నాలుగు ఉంటే 8 యూలు, నెట్‌వర్క్ స్విచ్‌కి ఇంకొకటి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ ఈ రోజుల్లో చోటు అయిపోయేలోపే ర్యాక్‌కి ఇచ్చిన కరెంటు అయిపోతుంది. సగం ఖాళీగా కనిపించే ర్యాక్‌ని చూపించి ‘ఇందులో ఇక పెట్టలేం’ అని డేటా సెంటర్ వాళ్లు అంటే, కారణం చాలావరకు అదే.

అందుకే కరెంటు గడి దగ్గర తీరిగ్గా కూర్చోండి. సర్వర్ వెనక 800 వాట్ల పవర్ సప్లైలు రెండు ఉన్నాయనుకుందాం. ఫారంలో 1600 అని రాసేయకండి. సాధారణంగా రెండోది మొదటిది పాడైతే ఆదుకోవడానికి ఉంటుంది. పైగా 800 అనేది అది ఇవ్వగల గరిష్ఠం, సర్వర్ వాడేది కాదు. అసలు అంకె కావాలంటే మీ ప్రోగ్రామ్‌ని ప్రాసెసర్లన్నీ నిండేలా కాసేపు నడిపి, సర్వర్‌లోని బీఎంసీ (సర్వర్‌ని దూరం నుంచి గమనించి, నడిపించే చిన్న విడి కంప్యూటర్) పేజీలో వాట్ల రీడింగ్ చూడండి. ఉత్తినే ఆన్‌లో ఉన్నప్పటి రీడింగ్ పనికిరాదు. కొత్తగా కొంటున్న మెషీన్ అయితే తయారీ కంపెనీ పవర్ కాలిక్యులేటర్ వాడండి.

ఇప్పుడు అసలు లెక్క. చాలా డేటా సెంటర్లలో ర్యాక్‌కి ఏ, బీ అని రెండు ఫీడ్‌లు, అంటే రెండు విడి కరెంటు లైన్లు ఉంటాయి. ఒక్కోటి 230 వోల్టులు, 16 ఆంపియర్లు అనుకుందాం. గుణిస్తే 3680 వాట్లు. ఎడతెగని లోడ్‌ని అందులో 80 శాతం దాటనివ్వకపోవడం మంచి పద్ధతి, అంటే 2944 వాట్లు. రెండు ఫీడ్‌లు కాబట్టి 5888 వాడుకోవచ్చని అనిపిస్తుంది. అక్కడే కొంప మునుగుతుంది.

ఎలాగో చూడండి. ఒక్కోటి 450 వాట్లు తినే సర్వర్లు నాలుగు, 100 వాట్ల స్విచ్ ఒకటి: మొత్తం 1900. వచ్చే ఏడాది 3600 వాట్ల జీపీయూ సర్వర్ ఒకటి అదే ర్యాక్‌లో చేరింది. మొత్తం 5500 అయింది. లోడ్ సమానంగా పంచుకుంటే ఏ మీద 12 ఆంపియర్లు, బీ మీద 12. మీటర్లు చూస్తే ఏ గొడవా లేదు. ఓ రోజు మరమ్మతు కోసం ఏ ఫీడ్ ఆపారు. క్షణంలో బీ మీద 24 ఆంపియర్లు పడ్డాయి. 16 ఆంపియర్ల బ్రేకర్ దాన్ని ఎంతోసేపు మోయదు, ట్రిప్ అవుతుంది. మీ సర్వర్లతో పాటు అదే ర్యాక్‌లో ఉన్న పక్క డిపార్ట్‌మెంట్ సర్వర్లూ ఆరిపోతాయి. ఎవరి వారాల తరబడి సాగుతున్న సిమ్యులేషనో సగంలో పోతుంది. ఉమ్మడి చోట మన అంకె మన ఒక్కరిదే కాదు. కాబట్టి ర్యాక్‌లోని లోడ్ అంతా కలిపి ఒక్క ఫీడ్ మోయగలిగినంతే ఉండాలి: ఇక్కడ 2944.

తిన్న కరెంటంతా వేడిగా బయటికొస్తుంది. అందుకే వాట్ల గడి సరిగ్గా నింపితే కూలింగ్ లెక్క వాళ్లే వేసుకుంటారు. మీరు చూడాల్సింది గాలి దిశ. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక్కి వదులుతుంది. స్విచ్‌ని మాత్రం కేబుళ్ల సౌకర్యం కోసం పోర్టులు వెనక్కి ఉండేలా బిగిస్తారు. దాని ఫ్యాన్లు పోర్టుల వైపు నుంచి గాలి పీల్చే రకమైతే, సర్వర్లు వదిలిన వేడిగాలే దానికి దక్కుతుంది. కొనేటప్పుడే గాలి ఎటు నుంచి ఎటు వెళ్లాలో ఆర్డర్‌లో రాయించండి.

మిగిలినవి చిన్నవే: సర్వర్‌ని బిగించే పట్టాలు (రెయిల్స్) ఆ ర్యాక్ లోతుకి సరిపోతాయా, పీడీయూలో (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్ బోర్డు) సీ13 రకం సాకెట్లున్నాయా, వాటికన్నా పెద్దవైన సీ19వా అని ముందే అడగండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి సర్వర్‌కీ పూర్తి లోడ్‌లో వాట్లు కొలిచి పట్టిక వేయండి. రాబోయే మూడేళ్లలో కొనబోయేవీ చేర్చి, మొత్తం 2944 లోపు ఉందో లేదో చూడండి. దాటితే రెండో ర్యాక్ అడగాలా, పెద్ద ఫీడ్ అడగాలా అన్నది 4వ పాఠంలో తేల్చుకుందాం. బీఎంసీని బయటి నెట్‌వర్క్‌కి కనపడకుండా విడి వీల్యాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో వేరుచేసిన భాగం) పెట్టడం కూడా అప్పుడే.