గీజర్ బిగించే ముందు కరెంటు లోడ్ పెంచుకోవాలి: అదనపు లోడ్‌కు దరఖాస్తు విధానం

మా ఇంట్లో చాలా ఏళ్ల పాటు బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకున్నాం. పిల్లలు తిరిగే ఇంట్లో అది ప్రమాదమని కిందటి చలికాలం 25 లీటర్ల గీజర్ కొన్నాం. దుకాణం పంపిన మెకానిక్ గోడకు రెండు మేకులు దించి, గీజర్ తగిలించి, స్నానాల గదిలో రాడ్‌కు వాడిన పాత ప్లగ్గులోనే తీగ గుచ్చి వెళ్లిపోయాడు. ఎనిమిదో రోజు పొద్దున్న ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. స్విచ్ ఆపి ప్లగ్గు లాగి చూస్తే మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడిపోయి ఉంది. సాకెట్ లోపల నల్లటి మసి.

చూడటానికి వచ్చిన లైన్‌మన్ సాకెట్ కంటే ముందు బిల్లు అడిగారు. అందులో ఒక గడి మీద వేలు పెట్టి చూపించారు. "అమ్మా, మీ ఇంటి లోడ్ ఒక్క కిలోవాట్. గీజర్ ఒక్కటే రెండు కిలోవాట్లు. ముందు లోడ్‌కు అప్లై చేయండి, తర్వాత వైరింగ్ మార్పించండి" అన్నారు. అన్నేళ్లుగా బిల్లు కడుతున్నా ఆ గడిని మేమెప్పుడూ చదవలేదు. ఆ తర్వాత మేము తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. చలి మొదలయ్యే ముందే చదివితే ఎక్కువ ఉపయోగం.

ఎవరికి అవసరం, ఎవరికి అవసరం లేదు

పాత గీజర్ పాడై అదే వాటేజీ ఉన్న కొత్తది పెట్టుకుంటుంటే, పాతదాన్ని లెక్కలోకి తీసుకునే మీ లోడ్ ఖరారై ఉంటే, డిస్కంకు, అంటే మీ ప్రాంతపు కరెంటు పంపిణీ సంస్థకు, దరఖాస్తు అక్కర్లేదు. 2 కిలోవాట్ల స్టోరేజీ గీజర్ తీసి 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టినా, రాడ్ నుంచి గీజర్‌కు మారినా, రెండో స్నానాల గదికి మరొకటి కొన్నా లెక్క మారుతుంది. సోలార్ హీటర్ పెట్టుకున్నవారు కూడా ఒక విషయం గమనించాలి. మబ్బు రోజుల కోసం ట్యాంకులో కరెంటు కాయిల్ ఉంటే అది కూడా లోడే. సాధారణంగా అదీ 2 కిలోవాట్లు ఉంటుంది.

కాంట్రాక్టెడ్ లోడ్ అంటే మీ ఇంటికి ఎంత కరెంటు ఇస్తామని డిస్కం, ఎంత వాడుతామని మీరు ఒప్పుకున్న పరిమాణం. పాత ఇళ్లలో అది చాలాచోట్ల ఒక కిలోవాట్ దగ్గరే ఆగిపోయింది. కనెక్షన్ తీసుకున్న రోజున ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు ఉండేవి. ఆ తర్వాత ఫ్రిజ్, మిక్సీ, మోటారు, ఏసీ ఒక్కొక్కటిగా చేరాయి. కాగితం మీద అంకె మాత్రం మారలేదు.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే వీధి చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లాలి. ఏ వీధికి ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలో డిస్కం నిర్ణయించేది ఈ ఒప్పందపు లోడ్ల లెక్క చూసే. ఉదాహరణకు 25 కేవీఏ, అంటే ఇంచుమించు అన్నే కిలోవాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. జనవరిలో పొద్దున్న ఆరున్నరకు దాని కింద పన్నెండు ఇళ్లలో ఒకేసారి రెండేసి కిలోవాట్ల గీజర్లు వేస్తే 24 కిలోవాట్లు అవుతుంది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం దాదాపు అక్కడికే నిండిపోతుంది. మిగతా ఇళ్లలో ఫ్యాన్లు నెమ్మదిస్తాయి, లైట్లు మసకబారతాయి, ఆఖరికి ఫ్యూజు ఎగిరిపోతుంది. లోడ్ నమోదు చేయించుకోని ప్రతి గీజరూ ఇరుగుపొరుగు ఇళ్లలో చీకటికి కొంత కారణమవుతుంది. నన్ను దరఖాస్తు దాకా నడిపించింది జరిమానా భయం కంటే ఈ సంగతే.

జరిమానా కూడా చిన్న విషయం కాదు. ఒప్పందాన్ని మించి వాడటాన్ని విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా లెక్కగట్టే వీలుంది. ఆ సెక్షన్ ప్రకారం వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేయవచ్చు.

ఎంత లోడ్ అడగాలి

ప్రతి వస్తువు వెనకా వాట్లు రాసి ఉంటాయి. మా ఇంటి లెక్క ఇలా వచ్చింది. గీజర్ 2,000, ఒక హార్స్ పవర్ మోటారు దాదాపు 750, మిక్సీ 750, ఫ్రిజ్ 200, ఫ్యాన్లూ లైట్లూ కలిపి ఓ 200. పొద్దున్న హడావుడిలో ఇవన్నీ ఒకేసారి పనిచేస్తాయి. మొత్తం 3,900 వాట్లు. అందుకని 4 కిలోవాట్లు ఉండాలనుకున్నాం. ఉన్నది ఒకటి, కాబట్టి అదనంగా అడిగింది మూడు. చాలా మీటర్లు నెలలో ఎక్కువగా లాగిన లోడ్‌ను నమోదు చేస్తాయి, బిల్లులో దాన్ని ఆర్‌ఎండీ అని చూపిస్తారు. చలికాలపు బిల్లులో ఆ అంకె చూసుకుంటే అంచనా మరింత కచ్చితంగా ఉంటుంది.

మొత్తం లోడ్ 5 కిలోవాట్లు దాటితే సాధారణంగా త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోమంటారు. అప్పుడు మీటరు, సర్వీసు వైరు రెండూ మారతాయి, ఖర్చు పెరుగుతుంది. ఏసీ కూడా కొనే ఆలోచన ఉంటే రెండింటినీ కలిపి ఒకేసారి దరఖాస్తు చేయడం మేలు. లోడ్ పెరిగితే నెలవారీ బిల్లు భారమవుతుందని చాలామంది వెనకాడతారు. 2022-23 టారిఫ్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ గృహాలకు స్థిర ఛార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలుగా పెట్టారు. ఆ లెక్కన మూడు కిలోవాట్లు పెంచుకుంటే నెలకు 30 రూపాయలు. కాలిపోయిన ఒక్క సాకెట్ మార్చడానికి మాకు అంతకంటే ఎక్కువే అయింది.

కాగితాలు

ముందు మీ ఇల్లు ఏ డిస్కం కిందకు వస్తుందో చూసుకోండి. హైదరాబాద్‌తో సహా దక్షిణ తెలంగాణకు టీజీఎస్‌పీడీసీఎల్, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు టీజీఎన్‌పీడీసీఎల్. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఏపీఈపీడీసీఎల్, విజయవాడ, గుంటూరు, ఒంగోలు ప్రాంతాలకు ఏపీసీపీడీసీఎల్, నెల్లూరు, తిరుపతి, రాయలసీమకు ఏపీఎస్‌పీడీసీఎల్. బిల్లు మీద పేరు స్పష్టంగా ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి కొద్దిగానే ఉంటాయి. తాజా బిల్లు, అందులోని సర్వీసు నంబరు, ఆధార్ కార్డు, పనిచేసే ఫోను నంబరు. బకాయి ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు కాబట్టి ముందుగా కట్టేయండి. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానితోనే దరఖాస్తు చేయించడం మంచిది, లేదా ఆయన రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. లోడ్ పెంచినప్పుడు కట్టే డిపాజిట్ ఆ సర్వీసు పేరు మీదే జమ అవుతుంది, అద్దెదారు పేరు మీద కాదు. ఈ విషయం ఇద్దరూ ముందే మాట్లాడుకుంటే తర్వాత మనస్పర్థలు రావు.

మా పని ఆగింది పేరు దగ్గర. మీటరు తాతయ్య పేరు మీద ఉంది. ఆయన కాలం చేసి పదకొండేళ్లయింది. బిల్లు వస్తున్నంత కాలం ఎవరికీ పేరు మార్చాలన్న ఆలోచన రాలేదు. సంతకం పెట్టాల్సిన మనిషి లేకపోవడంతో ముందు పేరు మార్పు దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. దానికి మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రశీదు, మిగతా వారసుల అంగీకార పత్రం సిద్ధం చేసుకున్నాం. అంగీకార పత్రం మీద సంతకానికి అత్తయ్య ఊరి నుంచి రావలసి వచ్చింది. మీ బిల్లు మీద కూడా పోయినవారి పేరే ఉంటే గీజర్ సంగతి ఎలా ఉన్నా ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. తర్వాత ఏ సేవ కావాలన్నా మొదటి అడ్డంకి ఇదే అవుతుంది.

దరఖాస్తు ఎలా చేయాలి

డిస్కం వెబ్‌సైట్‌లో గృహ వినియోగదారుల సేవల కింద అదనపు లోడ్ అనే విభాగం ఉంటుంది. సర్వీసు నంబరు కొడితే పేరు, చిరునామా, ప్రస్తుత లోడ్ వాటంతట అవే కనిపిస్తాయి. అదనంగా ఎంత కావాలో ఆ గడిలో నింపాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. కొన్ని దరఖాస్తులు అదనపు లోడ్ మాత్రమే అడుగుతాయి, కొన్ని మొత్తం లోడ్ అడుగుతాయి. గడి పక్కన ఏమి రాసి ఉందో రెండుసార్లు చదివి అంకె వేయండి. మూడు అడగాల్సిన చోట నాలుగు వేస్తే ఒక కిలోవాట్‌కు అనవసరంగా డబ్బు కట్టినట్టే. కొన్నిచోట్ల కిలోవాట్లు కాకుండా వాట్లలో నింపమంటారు, అదీ చూసుకోండి.

ఆన్‌లైన్ అలవాటు లేనివారు డిస్కం కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు గానీ మీసేవకు గానీ వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ విద్యుత్ సేవలకు దరఖాస్తు తీసుకుంటారు. ఎక్కడ ఇచ్చినా దరఖాస్తు నంబరు ఉన్న రశీదు తీసుకోకుండా బయటకు రావద్దు. తర్వాత ఏ ప్రశ్న అడగాలన్నా ఆ నంబరే ఆధారం. దాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

డబ్బు రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది డెవలప్‌మెంట్ ఛార్జీ. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచే ఖర్చులో మీ వంతు ఇది, తిరిగి రాదు. రెండోది సెక్యూరిటీ డిపాజిట్. అది మీ పేరు మీద డిస్కం దగ్గర ఉంటుంది, దాని మీద వడ్డీ కూడా లెక్కగట్టి బిల్లులో సర్దుబాటు చేస్తారు. రెండూ కిలోవాట్ల లెక్కనే ఉంటాయి. అప్పుడప్పుడూ డిస్కంలు అదనపు లోడ్‌ను స్వచ్ఛందంగా ప్రకటించేవారికి డెవలప్‌మెంట్ ఛార్జీలో రాయితీ ఇస్తాయి. దరఖాస్తుకు ముందు అలాంటిది ఏదైనా నడుస్తోందా అని 1912కు ఫోను చేసి కనుక్కోండి. ఛార్జీలను రశీదు వచ్చే మార్గంలోనే కట్టండి, ఎవరి చేతికీ నగదు ఇవ్వవద్దు.

తర్వాత సెక్షన్ కార్యాలయం నుంచి సిబ్బంది వచ్చి మీటరు, సర్వీసు వైరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న భారం చూస్తారు. ఆ రోజు ఇంట్లో ఒకరు ఉండాలి. పాత మీటరు కొత్త లోడ్‌ను మోయలేదంటే మారుస్తారు. మార్చేటప్పుడు పాత మీటరు చివరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు రెండూ మీ ఎదుట రాయించి ఫొటో తీసుకోండి. తర్వాతి బిల్లులో తేడా వస్తే ఆ ఫొటోలే మాట్లాడతాయి.

ఎన్ని రోజులు పట్టాలన్నదానికీ నియమం ఉంది. కేంద్రం 2020 చివర్లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను 2024 ఫిబ్రవరిలో సవరించారు. దాని ప్రకారం దరఖాస్తు పూర్తిగా అందాక కొత్త కనెక్షన్ ఇవ్వడానికైనా, ఉన్నదాన్ని మార్చడానికైనా మహానగరాల్లో మూడు రోజులు, ఇతర పట్టణాల్లో ఏడు రోజులు, గ్రామాల్లో పదిహేను రోజులు దాటకూడదు. కొత్త స్తంభాలో ట్రాన్స్‌ఫార్మరో వేయాల్సి వస్తే ఈ గడువు వర్తించదు. ఆలస్యమైతే ముందు ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్), తర్వాత ఆయన పైఅధికారి ఏడీఈని కలవండి. అక్కడా కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. దాని నిర్ణయం మీద విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దీనికి న్యాయవాది అవసరం లేదు. దరఖాస్తు నంబరు, తేదీలు రాసిన ఒక పేజీ ఉత్తరం సరిపోతుంది.

మంజూరయ్యాక బిగింపు

లోడ్ పెరిగితే డిస్కం బాధ్యత మీటరు దాకా. అక్కడి నుంచి స్నానాల గది దాకా బాధ్యత మనదే. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్లది 13. మా ప్లగ్గు 6 ఆంపియర్లది, అందుకే కాలింది. మెయిన్ బోర్డు నుంచి గీజర్‌కు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి సొంత ఎంసీబీ (లోడ్ మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్), 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ పెట్టించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఒకటి ఇంటికంతటికీ పెట్టించడం నా దృష్టిలో గీజర్ కంటే ముఖ్యం. తడి ఒంటితో కొళాయి ముట్టుకునే చోట ప్రాణం కాపాడేది అదే.

గీజర్ మీద ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనండి. స్టోరేజీ రకానికి ఐఎస్ 2082, ఇన్‌స్టంట్ రకానికి ఐఎస్ 8978 అని ఉండాలి. చల్లనీళ్లు వచ్చే గొట్టం దగ్గర ప్రెషర్ వాల్వు ఉంటుంది. దాని నుంచి అప్పుడప్పుడూ చుక్కలు పడటం సహజం. లీకవుతోందని ఎవరైనా దాన్ని మూసేస్తామంటే ఒప్పుకోవద్దు. ట్యాంకులో పెరిగిన ఒత్తిడి బయటకు పోయే దారి అదే. వేడినీళ్ల కొళాయిలో ధార సాఫీగా వచ్చేదాకా ట్యాంకు నింపాకే మొదటిసారి స్విచ్ వేయాలి.

25 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 1.2 యూనిట్లు, 35 నిమిషాలు పడుతుంది. రోజుకు ఒక ట్యాంకు అనుకుంటే నెలకు 35 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకునేవారు ఈ 35ను గుర్తు పెట్టుకోవాలి, వాడకం 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

పేరు మార్పు పూర్తయ్యాక మా లోడ్ దరఖాస్తు ఆరో రోజుకు మంజూరైంది. మీటరు మార్చారు. ఆ నెల బిల్లులో పైన అమ్మ పేరు, కింద గడిలో 4.00 అని వచ్చింది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొత్త తీగ లాగించాం.