కోతకు ముందు కుండీలను నీళ్లతో కడుగుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి దగ్గరపడింది, మిద్దె మీద టమాటాలు రంగు తిరుగుతున్నాయి. కోసే ముందు కుండీల నిండా నీళ్లు పోసి ‘ఫ్లషింగ్’ చేయాలా, అంటే మట్టిలో పేరుకున్న ఉప్పును కడిగేయాలా అని చాలామందికి సందేహం. నన్నడిగితే, ఎక్కువ కుండీలకు అవసరమే లేదు.

– పురుగుమందు కొట్టారా? నీళ్లు పోస్తే అది పోదు. కాయలోకి, ఆకులోకి చేరిన మందును వేరు దగ్గరి నీళ్లు కడగలేవు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో సీసా లేబుల్ మీద ఉంటుంది, ఆ రోజులు పూర్తయ్యాకే కోయండి. ఇక్కడ మాత్రం తొందర వద్దు.

– టమాటాలు పండుతుంటే ఒక్కసారిగా నీళ్లు గుమ్మరించకండి. ఎండిన మట్టి ఒక్కసారిగా తడిస్తే కాయలు పగులుతాయి.

– ఉల్లి, వెల్లుల్లి అయితే అసలు వద్దు. కోతకు ముందు నీళ్లు ఆపాలి. తడితో తీసిన గడ్డ నిల్వ ఉండదు.

– మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పు. అప్పుడు కడగడంలో అర్థముంది. కుండీ పరిమాణానికి రెట్టింపు నీళ్లు నెమ్మదిగా పోయాలి. పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్లు.

– ఉప్పు బోరు నీళ్లు వాడకండి, పోగొట్టాల్సిన ఉప్పునే మళ్లీ పోసినట్టు.

– అడుగు రంధ్రం మూసుకుపోలేదు కదా? కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి, లేదంటే మట్టి ఆ ఉప్పునీటినే మళ్లీ పీల్చుకుంటుంది.

– మిర్చి, వంగ లాంటివి ఇంకా కాస్తాయి. కడిగితే పోషకాలూ పోతాయి కాబట్టి, వారం తర్వాత కాస్త వర్మీకంపోస్టు వేయండి.